నీలం రంగు వేసిన కాలనీ

ఊరి బోరునీళ్ళ మీద యూనివర్సిటీలో మూడు విభాగాలు కలిసి పని మొదలుపెట్టినప్పుడు, మ్యాపు గీసే పని ఆమెకు అప్పగించారు. ఆమె భూగోళ విభాగంలో లెక్చరరు. కెమిస్ట్రీ మాస్టారు వీధి వీధీ తిరిగి సీసాల్లో నీళ్ళు పట్టి, ఏ బోరులో ఆర్సెనిక్ విషం ఎంతుందో తేల్చేవారు. మెడికల్ కాలేజీ డాక్టరుగారు ఆ అంకెల్ని జబ్బుల వివరాలతో పోల్చేవారు. ముగ్గురికీ మాట కలవడానికే ఆరు నెలలు పట్టింది. ‘పాయింటు’ అంటే ఆమెకు మ్యాపు మీద చుక్క, మాస్టారికి సీసా, డాక్టరుగారికి రోగి.

తూర్పు చివర కొత్త కాలనీలో మాస్టారి పని సాగలేదు. పరీక్షలంటే తమ ఇళ్ళకు చెడ్డపేరు వస్తుందని ఎవరూ గేటు తీయలేదు. చుట్టుపక్కల అంకెల్ని బట్టి ఆ ఖాళీలో ఎంత ఉండొచ్చో కంప్యూటరు అంచనా కట్టింది. కాలనీ మొత్తం నీలమైంది. నీలమంటే తాగొచ్చని.

మాస్టారు స్క్రీను మీదికి వంగి చూశారు. “అక్కడ నేను సీసా పట్టలేదు కదమ్మా, ఈ రంగు ఎక్కణ్ణుంచి ఊడిపడింది?”

“అంచనా సార్. అందుకే దాని మీద అడ్డగీతలు కొట్టాను, చూడండి.”

“ఆ గీతలు చూస్తే జనం గందరగోళపడతారు, తీసేద్దాం. కింద ఒక ముక్క రాస్తే చాలు,” అన్నారు డాక్టరుగారు.

ఆమె కాసేపు నసిగింది. మర్నాడే మ్యాపు పోస్టరుగా అచ్చుకు వెళ్ళాలి. గీతలు తీసేసింది.

మూడేళ్ళ తర్వాత అక్కాబావలు ఇల్లు వెతుక్కుంటూ అదే కాలనీకి వెళ్ళారు. “నీళ్ళెలా ఉంటాయే అక్కడ?” అని అక్క ఫోను చేసింది.

ఆమె క్లాసుకు పరుగెత్తుతోంది. “మంచివే అక్కా, మ్యాపు గీసింది నేనేగా.”

“ఇంకేం, ఇంట్లోనే మ్యాపులమ్మ ఉండగా మాకేం భయం!”

ఆ కాలనీలో ఇల్లు కొనుక్కుని చేరిన పదో ఏట అక్క అరచేతుల్లో ఆవగింజలంత గట్టి బొడిపెలు లేచాయి. అంట్లు తోమే సబ్బు పడలేదనుకుంది. ఒక ఆదివారం చెయ్యి చాపి చెల్లెలికి చూపించింది. అలాంటి చేతుల్ని ఆమె డాక్టరుగారి స్లయిడ్లలో చూసింది.

అప్పటికి రిటైరైన మాస్టారు రెండు సీసాలతో వచ్చి అక్క వంటింటి కుళాయి కింద పట్టారు. ఆర్సెనిక్ ఉండదగ్గదానికి పద్నాలుగు రెట్లు తేలింది. కాలనీ కట్టింది పూడ్చిన పాత ఏటి పాయ మీద. చుట్టూ ఉన్న నేల వేరు, దీని అడుగు వేరు.

“ఒక్క భూగర్భ శాస్త్రం ఆయన్ని పిలిచుంటే అయిదు నిమిషాల్లో చెప్పేవాడు. మన ముగ్గురికీ తట్టలేదమ్మా,” అన్నారు మాస్టారు.

డాక్టరుగారికి ఫోను చేస్తే, “కింద రాసే ఉంది కదా, అంచనా అని,” అన్నారు.

“ఎవరి కంటికీ ఆనని అక్షరాల్లో ఉంది సార్. గీతలు తీసేయమన్నది మీరు, తీసింది నేను.”

యూనివర్సిటీ కమిటీ వేసింది. నివేదిక వచ్చేదాకా నోరు విప్పొద్దంది. ఆమె విన్లేదు. మాస్టారితో కలిసి కాలనీలోని అరవై రెండు ఇళ్ళకూ వెళ్ళి, ఆ నీళ్ళు తాగొద్దని చెప్పింది. కొందరు తిట్టారు. ఒకావిడ తన పిల్లల చేతులు పట్టుకొచ్చి, వెలుతురులో తిప్పి తిప్పి చూపించింది.

అసలు సంగతి చెప్పడానికి అక్క ఇంటికి చివర్న వెళ్ళింది.

“అక్కా, మ్యాపు గీసినప్పుడు ఇక్కడెవరూ నీళ్ళు పరీక్ష చెయ్యలేదు. ఆ రంగు ఊరికే అంచనా.”

అక్క తన అరచేతుల వంక చూసుకుంది. “నేను ఫోను చేసినప్పుడు నీకది తెలుసా?”

“తెలుసు. ఆ నిమిషాన గుర్తు రాలేదు.”

“మీ బావకి నేను చెప్తాలే,” అంది అక్క. ఒక్క తిట్టు తిట్టినా బాగుండుననిపించింది ఆమెకు.

నెల తిరక్కుండా బోర్లకు మూతలు బిగించారు. నివేదికలో ‘సమాచార లోపం’ అని రాశారు, ఎవరి పేరూ లేదు. ఆ విషంవల్లే అక్కకు మూత్రాశయంలో క్యాన్సరు వచ్చింది. ఆమె రోజూ క్లాసుకు ముందు వెళ్ళి అక్క చేతులకు మందు రాసేది. బావ ఆమెను చూడగానే లేచి పక్కగదిలోకి వెళ్ళిపోయేవాడు.

పద్నాలుగు నెలలకు అక్క పోయింది. ఆ కబురు బావ చెప్పలేదు. పక్కింటావిడ ఫోను చేసి చెప్పింది.