తడవని చొక్కా

చొక్కా కుడిచేతి కఫ్ తడవలేదు.

బకెట్లో ముంచి తీశాను. మిగతా చొక్కా నీళ్లు పీల్చుకుని బరువెక్కింది. కఫ్ మీద మాత్రం నీళ్లు పూసల్లా నిలిచి, చొక్కా చెయ్యి వంచగానే జారిపోయాయి. సబ్బు రాయబోయి ఆగాను.

ఆ పూసలు నాకు కొత్త కాదు. విమానం రెక్కకి మంచు పట్టకుండా వేసే పూతను పరీక్షించడం నా ఉద్యోగం. నీళ్లు నిలవకుండా జారిపోతే గడ్డకట్టడానికి ఏమీ మిగలదు. పూత కొత్తగా ఉన్నంతవరకు అది నిజమే. అరిగాక ఏమవుతుందో చూడటం నా పని. రెక్క ముందంచు ముక్కని ఇసుకగాలికీ వానజల్లుకీ పెట్టి, తర్వాత చలిగదిలో ఉంచుతాను. నిన్న సాయంత్రం ముక్క మీద మంచు అతుక్కుపోయింది. గీకినా రాలేదు. పూత లేని రేకు మీద కన్నా గట్టిగా పట్టుకుంది.

మా విభాగం హెడ్‌కి చెప్పాను. ఆయనే మా ఆయన.

"రేపు విమానాల కంపెనీ వాళ్లొస్తారుగా, వాళ్ల ముందే ఇంకోసారి చేద్దాంలే. నువ్వింటికెళ్లు, అమ్మ ఎదురుచూస్తుంటుంది. నాకు మీటింగుంది" అన్నాడు.

రాత్రి ఇంటికొచ్చాక ఈ చొక్కా విప్పి నా చేతికిచ్చాడు. "పొద్దున్నే ఉతికి ఇస్త్రీతో ఆరబెట్టు. ఇది వేసుకున్నప్పుడే నా పనులవుతాయి."

మీటింగులో కూర్చున్న మనిషికి పూత ఎలా అంటింది? పూత కొట్టే స్ప్రే గన్ ఆయన ఏనాడూ ముట్టుకోలేదు. ఎవరో కొడుతుంటే పక్కన నిలబడ్డాడేమో అనుకున్నాను. ఆయన తరఫున సాకులు వెతకడం నాకు అలవాటు. కిందటిసారి వచ్చినవాళ్లకి "మా ఆవిడ. ఇంట్లో ఫ్రిజ్జూ ఇక్కడ చలిగదీ రెండూ తనవే" అని పరిచయం చేసినప్పుడూ, సరదాకి అన్నాడులే అని సర్దిచెప్పుకున్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వి టీ కప్పులు అందించాను.

పక్కన నిలబడితే తుంపర ఛాతీ మీదా పడాలి. ఛాతీ మీద నీళ్లు పోశాను, ఇంకిపోయాయి. ఎడమ కఫ్ మీద పోశాను, ఇంకిపోయాయి. కుడి ఒక్కటే. గన్ పట్టే చెయ్యి.

అరిగిన ముక్క మీద కొత్త పూత కొడితే ఇవాళ నీళ్లు జారిపోతాయి. కంపెనీ వాళ్లు చప్పట్లు కొడతారు. పూత పనిచేస్తే రెక్కల్లో మంచు కరిగించడానికి వేడిచేసే తీగలు తీసేస్తామని వాళ్లు ముందే అన్నారు. ఆ తర్వాత ఆ రెక్కల్ని నమ్ముకుని జనం ఎక్కుతారు. పరీక్ష చేసింది నేనని కింద నా సంతకం ఉంటుంది.

"ఒక్క చొక్కాకి ఇంతసేపేంటమ్మాయ్? వాడికి టైమవుతోంది" అంది అత్తయ్య వంటింట్లోంచి.

"ఆరిందా?" గదిలోంచి ఆయన.

"కుడి చెయ్యి తడవనే లేదండీ."

ఆయన గుమ్మంలోకి వచ్చి, చొక్కా వైపు చూసి, చెయ్యి చాపాడు. "నీకన్నీ అనుమానాలే. ఇలా ఇవ్వు."

పిండకుండానే కవర్లో చుట్టి నా ఆఫీసు బ్యాగులో పెట్టుకున్నాను.

"వేరేది వేసుకోండి. దీన్ని వాళ్ల ముందు నేను ముంచుతాను."