బందరు దాకా రాని ఓడలు

అది 2014 మార్చి. న్యూజిలాండ్‌లో జాన్సన్‌విల్ నుంచి వెల్లింగ్టన్ వెళ్లే రైల్లో లక్ష్మణరావు వారం రోజులుగా కాలుగాలిన పిల్లిలా కదులుతున్నాడు. అంతా నోటి దురద తెచ్చిన తంటా. ఆరు వందల ఏళ్ల కిందట చైనా ఓడల్లో దేశాలు తిరిగిన ఒకాయన రాసిన పుస్తకం పక్కింటి లిన్ దగ్గర ఉందని తెలియగానే, వెళ్లి తెలుగు సంఘంలో చెప్పేశాడు. "మా బందరు అందులో లేకుండా ఎలా ఉంటుందండీ! ఉగాది సభలో చదివి వినిపిస్తా." వాళ్లు పోస్టరు కూడా వేసేశారు. సభ ఈ శనివారమే.

చైనీస్ పాఠాలు చెప్పుకునే లిన్, రోజూ రైల్లో రెండేసి పేజీలు ఇంగ్లీషులో చెబుతున్నాడు. ఓడలు జావా దాటాయి, సింహళం చేరాయి. ఇక ఉత్తరానికి తిప్పుతారని లక్ష్మణరావు సీటు అంచుకు జరిగాడు. తిప్పితేగా! తిన్నగా కొచ్చి వెళ్లి మిరియాలు బేరమాడుకున్నారు.

"మిరియాల కోసం మమ్మల్ని వదిలేశారా!" అని ఉడికిపోయాడు. ఇంటికొస్తే భార్య సుభద్ర, "మీ చైనా చుట్టాలు ఇంకా దిగలేదా?" అని ఒకటే నవ్వు. అతనికి అన్నం సహించలేదు. పరువు పోతుందన్న భయం సరే, అంత ప్రపంచం చూసినవాడి కంట తన ఊరు పడలేదన్నదే ఎక్కువ బాధగా ఉంది.

శుక్రవారం లిన్ ఒక కాగితం తీశాడు. "రెండు పేజీలు అతుక్కుపోయాయి, నిన్న విడదీశాను," అంటూ చదివాడు. "ఈ రేవులో ఇసుక మీద అద్దకం బట్టలు ఆరేస్తారు. తొక్కినవాడి చెవి ఒక ముసలమ్మ మెలేస్తుంది. తర్వాత అన్నం పెడుతుంది."

లక్ష్మణరావు చెయ్యి దానంతటదే చెవి మీదికి పోయింది. ఆ ముసలమ్మ తన మామ్మ! కిందటి నెల ఇదే రైల్లో ఆవిడ సంగతి లిన్‌కి చెప్పింది తనే. లిన్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఓరి నీ దుంపతెగ అనుకున్నాడు లక్ష్మణరావు, కళ్లు తుడుచుకుంటూ. కాగితం అడిగి తీసుకున్నాడు. ఆ రోజు ఆఫీసులో ఒక్క పనీ సాగలేదు. చదివేస్తే ఎవరికి తెలుస్తుంది?

శనివారం మైకు ముందు నిలబడ్డాడు. "ఆ ఓడలు బందరు రాలేదండీ. పోస్టరు తప్పు, ఆ తప్పు నాది." హాలంతా గుసగుసలు. జేబులోంచి కాగితం తీశాడు. "ఇది మాత్రం మా లిన్ గారు నా కోసం రాశారు," అని తెలుగులో చదివి, పిల్లలకు అర్థమయ్యేలా మొత్తం ఇంగ్లీషులోనూ చెప్పాడు. ముందు వరసలో లిన్ తల దించుకున్నాడు.

భోజనాల దగ్గర లిన్ మెల్లగా వచ్చి, "తప్పు చేశానా?" అని అడిగాడు.

లక్ష్మణరావు అతని చెవి పట్టుకుని మెలేశాడు. తర్వాత పులిహోర వడ్డించాడు.