చిహేరా అని పిలిచాడు

మా తమ్ముడు తవెంగ్వా రాయి తవ్వే పనికి గురువే అనే ఊరి కొండలకు వెళ్ళి ఎనిమిది నెలలైంది. ఎవరో శిల్పి పిలిచాడన్నాడు, పేరు చెప్పలేదు. మళ్ళీ రాలేదు. పోలీసులను అడిగితే దక్షిణాఫ్రికా పోయుంటాడన్నారు. జింబాబ్వేలో కనబడకుండాపోయిన మగాళ్ళందరూ వాళ్ళ లెక్కలో అక్కడే ఉంటారు మరి!

పోయిన వారం నా పక్కన మిషన్ కుట్టే ఫుంగాయి ఉన్నట్టుండి అంది.

"న్యారాయీ, ఊరి మధ్యలో శిల్పాల తోట ఉంది చూడు. అక్కడ మీ తమ్ముడి తలకాయ పెట్టారే! ఆ కుక్క కరిచిన చెవితో సహా."

"నీ నోట్లో మన్నుపడ!" అని తిట్టాను. తిట్టానే గానీ, శనివారం పొద్దున కూరగాయలకని అమ్మతో చెప్పి హరారే వీధుల్లోపడి ఆ తోటకే వెళ్ళాను. అది మావాడి మొహం కాకూడదని దారిపొడవునా మొక్కుకున్నాను.

తోట ముందు భాగంలో పెళ్ళివాళ్ళు ఫొటోలు తీయించుకుంటున్నారు. వాళ్ళను దాటి, నల్లగా నునుపు తేలిన రాతి మనుషుల మధ్య నుంచి చివరిదాకా నడిచాను. జకరాండా చెట్టు కింద మా తవెంగ్వా ఉన్నాడు. ఒకడు కాదు, నలుగురు. మొదటి రాతిలో నవ్వుతున్నాడు. రెండోదాంట్లో నోరు తెరిచి అరుస్తున్నాడు. మూడోదాంట్లో కళ్ళు మూసుకున్నాడు. నాలుగోదాన్ని ఒక యాభై ఏళ్ళ మనిషి కూర్చుని చెక్కుతున్నాడు. అతని కనుబొమలదాకా రాతిపొడి.

"అన్నా, ఇతనెవరు?" ఏమీ తెలియనట్టు అడిగాను.

"ఎవరూ కాదమ్మా. రాతిలో ఎవరుంటే వాళ్ళే బయటికొస్తారు. నేను పై చెక్కు తీసేస్తానంతే."

మా శిల్పులందరూ చెప్పే మాటే ఇది, కొనేది విదేశీయులైతే ఇంకాస్త గట్టిగా చెబుతారు.

"నాలుగు రాళ్ళలోనూ ఒకడేనా? మనుషులకి అంత కరువొచ్చిందా?"

అతను నవ్వలేదు. "ఏనుగుని చెక్కుదామని కూర్చుంటాను, వీడే వస్తాడు. ఏం చెయ్యమంటావు చిహేరా?"

నా ఒళ్ళు జలదరించింది. చిహేరా అంటే దుప్పి వంశపు ఆడపడుచు. మాలో కొత్తవాళ్ళు కలిస్తే ముందు వంశం అడుగుతారు, చెప్పాకే ఆ పేరుతో మర్యాదగా పిలుస్తారు. ఇతను అడగలేదు, నేను చెప్పలేదు. కాకపోతే నా మొహమూ ఆ రాతి మొహమూ ఒక్కలాగే ఉంటాయి.

"నా వంశం నీకెవరు చెప్పారు?"

ఉలి ఆగింది. "మీరే చెప్పారుగా." ఇందాకటి నువ్వు మీరైపోయింది.

"నేను నా పేరు కూడా చెప్పలేదు."

సుత్తి ఇంకా అతని చేతిలోనే ఉంది. పెళ్ళివాళ్ళు వెళ్ళిపోయినట్టున్నారు, ఎక్కడా మాట వినిపించడం లేదు.

"ఒక్కరే వచ్చారా?" అంటూ గేటు వైపు చూశాడు.

"లేదు, మావాళ్ళు బయటున్నారు," అని అబద్ధమాడాను.

అతను సుత్తి కింద పెట్టాడు. నేల మీద కూలబడి, తల వంచుకుని, అరచేతులు మెల్లగా చరచడం మొదలుపెట్టాడు. పెద్ద తప్పు చేసినవాడు అవతలి ఇంటి పెద్దల ముందు అలా చరుస్తాడు.

"మీ మగవాళ్ళని లోపలికి పిలవండి చిహేరా. ఒక మంచి రాయి దొరికింది, మీవాడూ నేనూ నాదంటే నాదని కొట్లాడుకున్నాం. తోశాను. మళ్ళీ లేవలేదు. చచ్చినవాడు చంపినవాణ్ణి నిద్రపోనివ్వడంటారే, నిజమే. పిలవండి, ఇక వాళ్ళకే చెప్పుకుంటాను."

పారిపోదామని సగం తిరిగినదాన్ని, వెనక్కి వచ్చి అతని ఎదురుగా నేల మీద కూర్చున్నాను. నాకు ఏడుపు రాలేదు. అతని గొంతు పిసికెయ్యాలన్నంత కోపం వచ్చింది.

"మా ఇంట్లో మిగిలిన మగవాడు వాడొక్కడే," అన్నాను. "ఎక్కడ పూడ్చావో నాకే చెప్పు."