యజమాని: మొండి

మా అక్కకి కుక్కల హాస్టల్ ఉంది. ఊరెళ్లేవాళ్లు తమ కుక్కల్ని అక్కడ దిగబెట్టి వెళ్తారు. దానికి కంప్యూటర్‌లో ఒక రిజిస్టర్ తయారుచేసి ఇచ్చాను. ఎవరూ అడగని ఉపకారం. ఒంటరిగా బతికేవాళ్లు ఇలాంటివే చేస్తుంటారు. ప్రేమ చూపించడానికి వాళ్లకి వేరే పద్ధతి చేతకాదు.

శనివారం ఉదయం ఎనిమిదింటికి అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, ఉన్నపళంగా రా. ఇక్కడ సగం కుక్కలు మొండివైపోయాయి."

"మొండి కుక్కల్ని నేనేం చేస్తానక్కా?"

"మొండితనం వాటిది కాదు, నీ రిజిస్టర్‌ది. ముందు రా!"

వెళ్లేసరికి మా బావ వరండాలో కుక్కల కార్డులన్నీ పరుచుకుని కూర్చున్నాడు. పొద్దున్నే రిజిస్టర్ నుంచి అచ్చుతీసినవి. నన్ను చూడగానే ఒకటి ఎత్తి చదివాడు.

"పేరు: మొండి. జాతి: మొండి. రంగు: మొండి. గది నంబరు: మొండి. మందులు: మొండి. యజమాని: మొండి. ఫోను: మొండి. స్వభావం: మొండి." కళ్లజోడు సర్దుకుని ఇంకోటి తీశాడు. "దీని పేరు 'అరుస్తుంది గానీ కరవదు'. యజమాని కూడా అరుస్తుంది గానీ కరవదట. ఇలాంటి ఇంట్లో పుట్టాలయ్యా బావమరిదీ."

నవ్వబోయి, అక్క మొహం చూసి మానేశాను. ఆమె చేతిలో ఒక మాత్రల షీటు ఉంది. దానికి రబ్బరుబ్యాండుతో చుట్టిన చీటీ మీద గుండ్రటి అక్షరాలు: 'మేనేజర్‌కి. ఉదయం తొమ్మిది లోపల ఒకటి. తప్పితే మూర్ఛ.'

"మేనేజర్ ఏది?" అన్నాను.

"అది చెబుతావనే నిన్ను పిలిచింది."

ముందురోజు సాయంత్రం, సెలవుల రద్దీలో, పద్నాలుగు కుక్కలు ఒక్కసారిగా వచ్చాయి. గేటు దగ్గర బావ గొలుసులు అందుకుని లోపలికి తీసుకెళ్లాడు. ఆయనకి గొలుసులు గుర్తున్నాయి, కుక్కలు గుర్తులేవు. యజమానులు నింపిన ఫారాలు చూసి అక్క అన్నీ కంప్యూటర్‌లో ఎక్కించింది. ఆ తర్వాత ఫారాలు చించేసింది. చించమన్నది నేనే. కాగితం దగ్గరుంటే మనసు యంత్రాన్ని నమ్మదని ఆమెకి మనస్తత్వశాస్త్రం చెప్పాను. ఆమె ఆ ముక్కల్ని పారెయ్యడమెందుకని కుక్కల పడకల్లో పరిచింది. తెల్లారేసరికి వాటి మీద కుక్కలు తమ అభిప్రాయం చెప్పేశాయి.

"హెడ్మిస్ట్రెస్ గారి కుక్కరా అది," అంది అక్క. "ఆరో తరగతిలో నన్ను బెంచీ ఎక్కించిన ఆవిడ. ఇప్పటికీ ఆవిడ ఎదురైతే హోంవర్క్ చెయ్యనట్టే ఉంటుంది నాకు. మందు చేతికిచ్చి వెళ్లింది ఆవిడొక్కతే. దానికేమన్నా అయితే మొహం ఎక్కడ పెట్టుకోను?"

"ఆవిడకే ఫోన్ చేస్తే?"

"నంబరు మొండి కదరా!"

కంప్యూటర్ ముందు కూర్చున్నాను. తప్పు రెండు నిమిషాల్లో దొరికింది. డేటాబేస్‌లో ఏదైనా రాయించాలంటే ముందు ఖాళీలున్న వాక్యం ఒకటి సిద్ధం చేసిపెట్టుకుంటాం. తర్వాత ఒక్కో ఖాళీకి ఒక్కో విలువ కట్టాలి. నేను విలువల్ని కట్టలేదు, వేరియబుల్‌ని కట్టాను. వేరియబుల్ అంటే కుర్చీ అనుకుంటే, విలువ అందులో కూర్చునే మనిషి. నా ప్రోగ్రాం ప్రతి ఖాళీకీ 'అదిగో, ఆ కుర్చీలో ఉన్నవాళ్లని అడుగు' అని చెప్పింది. అన్నిటికీ అదే కుర్చీ. పేరు వచ్చి కూర్చుని లేచిపోయింది. రంగు లేచిపోయింది. యజమానీ లేచిపోయాడు. తీరా వాక్యం నడిచే వేళకి కుర్చీలో మిగిలింది ఫారంలోని ఆఖరి గడి, స్వభావం. ఎనిమిది ఖాళీలూ వెళ్లి దాన్నే అడిగాయి.

ఒక్క మాట మారిస్తే చాలు. మార్చాను. కానీ డేటాబేస్‌కి అసలు చేరని సంగతులు ఇప్పుడెక్కడి నుంచి వస్తాయి?

పరీక్షించలేదా అంటే, పరీక్షించాను. ప్రతి గడిలోనూ 'అఆఇఈ' అని కొట్టాను. ప్రతి గడిలోనూ 'అఆఇఈ' వచ్చింది. ఆ సాయంత్రం నన్ను నేను మెచ్చుకుంటూ చాలా దూరం నడిచాను.

"పేరు పెట్టి పిలుద్దాం," అంది అక్క.

"అవును, అదే సరైన పని," అన్నాను.

గదుల తలుపులు తీసి ఆమె "మేనేజర్!" అని కేకేసింది. పద్నాలుగు కుక్కలూ తోకలూపుకుంటూ వచ్చి నిలబడ్డాయి.

"అందరూ మేనేజర్లే," అన్నాడు బావ. "పనిచేసేవాడొక్కడూ లేడు. ఒక పని చేద్దాం. మాత్రని పద్నాలుగు ముక్కలు చేసి అందరికీ పంచేద్దాం."

"అవును బావా, న్యాయంగా ఉంది," అన్నాను.

పశువుల డాక్టరుకి ఫోన్ చేసి అదే చెప్పాను. "మతుందా మీకు?" అన్నాడాయన. "ముక్క వేస్తే జబ్బున్నదానికి చాలదు. జబ్బులేనిదానికి మొత్తం వేస్తే రెండ్రోజులు లేవదు. ఏదో తెలీకపోతే దేనికీ వెయ్యకండి."

"అవునండీ, వెయ్యకపోవడమే మంచిది."

అక్క నా చేతిలోంచి ఫోన్ లాక్కుని పెట్టేసింది. "నీకంటూ ఒక మాట ఉండదారా? చివర ఎవరు మాట్లాడితే వాళ్లదే నీ మాట. చిన్నప్పట్నుంచీ ఇంతే నువ్వు."

ఆమె నా ప్రోగ్రాం చదవలేదు. చదివినట్టే చెప్పింది.

వెళ్లి కుక్కల మధ్య నేలమీద కూర్చున్నాను. ఎనిమిదీ నలభై. అక్క గోడ గడియారాన్నీ నన్నూ మార్చి మార్చి చూస్తోంది. ఎవరి మాటా వినిపించనంత సేపు కళ్లు మూసుకుని, రోజూ తొమ్మిదింటికి నోట్లో చేదు పడే ప్రాణి ఎలా ఉంటుందో ఊహించడానికి ప్రయత్నించాను. భయం చేదుకి అంటుకోదు. చేదుకి ముందొచ్చే చప్పుడుకి అంటుకుంటుంది. ఇది పుస్తకాల్లో చదివింది కాదు. పళ్ల డాక్టరు దగ్గర స్టీలు ట్రే చప్పుడైతే ఇప్పటికీ నా దవడలు వాటంతటవే బిగుసుకుంటాయి.

అక్క చేతిలోంచి షీటు తీసుకుని గట్టిగా నలిపాను. చిటపటమంది.

బిస్కెట్ పొట్లం అనుకుని పదమూడు కుక్కలు నా మీదికి దూకాయి. ఒక్కటి, చెవి మడత పడిన గోధుమరంగుది, ఏ చప్పుడూ విననట్టు వెనక్కి తిరిగి వెళ్లి, మూలనున్న బకెట్టులో తల దూర్చింది. తల కనబడకపోతే తను లేనట్టే అనుకుంటోంది పాపం. మిగతా కుక్కంతా బయటే ఉంది.

"ఇదే," అన్నాను.

"అది వట్టి పిరికిదయ్యా," అన్నాడు బావ. "ఇందాక చీపురుక్కూడా భయపడింది."

'అవును బావా' అన్న మాట గొంతు దాకా వచ్చింది. ఎంత అలవాటుగా వచ్చిందంటే, ఆపడానికి బావ వైపు చూడకుండా గోడ వైపు చూడాల్సి వచ్చింది.

"కాదు బావా. ఇదే."

"తప్పయితేనో?" అంది అక్క.

"తప్పయితే ఆవిడతో నేను మాట్లాడతాను. నన్నే బెంచీ ఎక్కించమంటాను. ఇదే మేనేజర్."

అక్క నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసి, కుక్క నోరు తెరిచి పట్టుకుంది. మాత్ర లోపల వేసి, నోరు మూసి, మెడ నిమిరాను. అది గుటుక్కుమంది. తర్వాత మా ముగ్గురినీ ఎంతో సాధువుగా చూసింది. తొమ్మిదికి ఎనిమిది నిమిషాలు.

ఫోన్ మోగింది. తెలియని నంబరు. అక్క ఎత్తి, అవతలి గొంతు వినగానే నిటారుగా నిలబడి, ఒంటరిగా వినే ధైర్యం లేక స్పీకరు నొక్కింది.

"రైలు ఆగితే చేస్తున్నాను," అన్నారు హెడ్మిస్ట్రెస్. "మేనేజర్ మాత్ర వేసుకున్నాడా?"

"వేసుకున్నాడు మేడమ్."

"మింగాడా?"

"మింగాడు మేడమ్. గుటక కూడా వేశాడు."

"గుటక నటిస్తాడు వాడు. ఎడం దవడ ఎత్తి చూడు. ఏదైనా నేను చెబితే గానీ చూడవు కదా నువ్వు."

పెదవి ఎత్తాను. దవడకీ చిగురుకీ మధ్య, అంచు కూడా కరక్కుండా, తెల్లగా ఉంది మాత్ర. ఆరితేరిన మోసగాడు. ఒకరి చేతిలో మోసపోయి ఇంత సంతోషించడం నా జీవితంలో అదే మొదలు.

"ఉందా?" అంది ఫోన్.

"ఉంది మేడమ్," అన్నాడు బావ, ఆయనెందుకు చేతులు కట్టుకున్నాడో ఆయనకే తెలియదు.

"మేనేజర్!" అందా గొంతు.

మేనేజర్ ఈసారి నిజంగా మింగేసింది. నోట్లో ఏమీ లేకపోయినా అక్క కూడా మింగింది.