ఒక్క మగపురుగు

పురుగుల పరిశోధనశాలలో అందరూ సూదక్క అని పిలిచే ఆవిడ, వరిపైరు రసం పీల్చే పచ్చదోమ పొట్టను గాజుగిన్నెలోని క్షారపు నీళ్లలో మళ్లీ వేసి పొయ్యి వెలిగించింది. ఒకసారి ఉడికించినా కండ పూర్తిగా పోలేదు. ఇంకో నాలుగు నిమిషాలు కాగితే కండంతా కరిగి, పెంకు మిగులుతుంది. అంతకు మించితే పెంకూ మిగలదు.

పచ్చదోమలన్నీ పైకి ఒకే అచ్చు. ఏది ఏ జాతో తేలేది మగపురుగు జననాంగం కొసన. దీన్ని పోలిన తెలిసిన జాతికి అక్కడ ఒకటే కొక్కెం, దీనికి రెండు. అంటే ఇంతవరకూ ఎవరూ పేరు పెట్టని పురుగు. దొరికింది కూడా ఒక్క మగదే, అది పోతే కొత్త జాతికి రుజువే లేదు.

ఇలాంటివి ముప్పై ఏళ్లుగా సూదితో కోసేది ఆవిడ, గీసేది ఆవిడ. అచ్చులో పేరు మాత్రం విభాగం అధికారి పెద్దసారుది. సొమ్మొకడిది, సోకొకడిది. ఆయనకు సూది పట్టడం రాదు గానీ సూది పట్టినవాళ్లకు వంకలు పెట్టడం బాగా వచ్చు. బొమ్మ బాగుంటే చూడడు, గీత వంకరపోతే నలుగురిలో ఎత్తి చూపిస్తాడు. ఆయన్ని చూస్తే ఆవిడకు ఒళ్లుమంట. ఒక్కసారి తన పేరు అచ్చులో చూసుకోవాలన్న ఆశ మాత్రం చావలేదు. ఇవాళ్టితో ఉద్యోగం సరి.

పెద్దసారు వచ్చి ఎన్నడూ లేనిది కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఈ పురుగు మీద వ్యాసం మీ పేరుతోనే వేద్దామమ్మా."

ఆవిడ ఆయన వైపు తిరిగింది. ఆయన ఆగి అన్నాడు.

"పురుగుకి నా పేరు పెట్టండి. వ్యాసం రాసినవాళ్లు తమ పేరే పెట్టుకుంటే బాగోదు కదా."

అదా సంగతి. ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"నా పేరేంటి సార్?"

ఆయన నవ్వబోయాడు. బల్ల మీదున్న పదవీ విరమణ కాగితం వైపు చూపు జారింది. "అదే, కాగితాల్లో ఉందిగా" అన్నాడు.

ఆవిడ తను గీసిన ఆ కొక్కేల బొమ్మను నాలుగు ముక్కలు చేసి బుట్టలో పడేసింది. సంచీ భుజాన వేసుకుంది. గిన్నె దించాల్సిన వేళయిందని ఆవిడకు తెలుసు. చెయ్యి అటు వెళ్లబోయింది కూడా.

"దీన్ని ఎప్పుడు దించాలి?" అని పెద్దసారు వెనకనుంచి అడిగాడు.

"మీకు తెలియనిదేముంది సార్."

ఆవిడ రిజిస్టరులో ఆఖరి సంతకం పెట్టి మెట్లు దిగింది. పెద్దసారు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గాజుగిన్నెలో నీళ్లు బుడబుడ మరుగుతున్నాయి, అడుగున మాత్రం ఏమీ కనిపించడం లేదు.