ముట్టని సొమ్ముకు కొట్టని ముద్ర

నా ముఖం మీది అక్షరాలు తిరగబడి కనిపిస్తున్నాయని కంగారు పడకండి. నేనొక రబ్బరు ముద్రను, కాగితం మీద పడితేనే సూటిగా మాట్లాడతాను. మనుషుల సంగతి వేరు. వాళ్ళ మాట ముఖాన సరిగ్గానే ఉంటుంది, కాగితం మీదికొచ్చేసరికే తిరగబడుతుంది.

ఒంగోలులో కోర్టు ఎదుటి సందులో పుట్టాను. 'కార్యదర్శి, చేదోడు బధిర బాలల సంఘం, కనిగిరి' అని నా మీద రాత. నన్ను చేయించుకున్నది పేరిందేవి టీచరు. చెవులు వినపడని, మాట రాని పిల్లలకు బడీ, దానికి ఆనుకుని హాస్టలూ నడిపే మనిషి.

కాగితాల మీద పడటం ఏ ముద్రకైనా ఉన్నదే. నా గొప్పంతా అరచేతుల్లో ఉండేది. సంతకు తీసుకెళ్ళినప్పుడల్లా టీచరు ప్రతి పిల్ల అరచేతిలోనూ నన్ను అద్దేది. తప్పిపోతే పాపం ఊరూ పేరూ చెప్పుకోలేరు కదా! ఒకసారి సలోమి అనే పిల్ల మిరపకాయల బస్తాల మధ్య తప్పిపోయింది. ఎవరో ఆటో అతను ఆ చేయి చూసి నేరుగా మా గుమ్మంలో దించాడు. అప్పటినుంచి ఆ పిల్లకు నేనంటే ప్రాణం. సంత ఉన్నా లేకపోయినా పొద్దున్నే చేయి చాపుకుని వచ్చేది. నాకూ గర్వంగానే ఉండేది, దాచుకోవడమెందుకు?

సర్కారు గ్రాంటు వచ్చేదిగానీ, ఖర్చంతా అయ్యాక ఎప్పటికో. అందాకా కిరాణా కొట్టులో అరువే దిక్కు. ఆ ఏడు కొట్టాయన ఇక బియ్యం ఇచ్చేది లేదన్నాడు. వంట చేసే ఓబులమ్మ డబ్బా అడుగు గీకుతున్న రోజుల్లో చల్లని కబురొకటి వచ్చింది. ఈసారి సంఘాలకు గ్రాంటు ముందస్తుగానే ఇస్తారట. టీచరు నన్ను సంచిలో వేసుకుని ఒంగోలు బస్సెక్కింది.

ఆఫీసులో ఖాదర్‌వలి అనే గుమాస్తా ఒక కాగితం ముందుకు తోశాడు. "ఈడ సంతకం, ఈడ ముద్ర మేడం."

టీచరు చదివింది. 'సొమ్ము ముట్టినది' అని ఉంది.

"ఇంకా ముట్టలేదుగదయ్యా?"

"ముందు రశీదిస్తేనే బిల్లు ట్రెజరీకి పోద్ది. అందరూ ఇట్టానే ఇస్తారు. మార్చి దాటితే నిధులు మురిగిపోతయ్ మేడం, నా మాట వినండి."

అప్పటికే టీచరు నాకు సిరా అద్దింది. కాగితం మీదికి తెచ్చింది కూడా. అక్కడే ఆమె చేయి ఆగిపోయింది. వయసులో ఉన్నప్పుడు ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పిన మనిషి. అక్కడ పూర్తి జీతానికి సంతకం పెట్టించుకుని సగం చేతిలో పెట్టేవాళ్ళు. ఆ బడి వదిలిన రోజున, చేతికి రాని డబ్బుకు ఇక సంతకం పెట్టనని ఒట్టు పెట్టుకుంది.

"సొమ్ము ఇయ్యండి, ఈ క్షణమే కొడతా. రాకముందు వచ్చిందని మాత్రం రాయను."

ఖాదర్‌వలి మెట్ల దాకా వెంటవచ్చి బతిమాలాడు. నొక్కు తల్లీ, ఇది ఆ దొంగ బడి కాదు అని నాకూ అరవాలనిపించింది. రబ్బరు నోరు ఏం అరుస్తుంది? తడి సిరాతోనే సంచిలో పడ్డాను.

ఆ కాగితంలో మోసమేమీ లేదు. అదొక పద్ధతి, తలాతోకా లేని పద్ధతి, అంతే. ముద్ర కొట్టిన సంఘాలన్నిటికీ డబ్బు వచ్చింది. మాది మురిగిపోయింది.

"ఒక్క ముద్దర గుద్దుంటే ఏం పోయేదమ్మా? పిల్లలు ఈడనే ఉండేవోళ్ళు," అంది ఓబులమ్మ, పొయ్యి ఆర్పేస్తూ.

"తప్పు చేశానే ఓబులమ్మా. నా మాట నేను నిలబెట్టుకున్నా, పిల్లల్ని నిలబెట్టుకోలేకపోయా," అని టీచరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఒక్క ముద్రకు అంత వెనకాడిన ఆ చేయి, బడి మూసేసిన రోజు నన్ను టపటపా వేస్తూనే పోయింది. అన్నీ టీసీలే. సలోమి వాళ్ళ నాన్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ పిల్ల మాత్రం కదలకుండా అరచేయి చాపింది. టీచరు చాలాసేపు ఆ చేతినే చూసింది. చివరికి నన్ను గట్టిగా, అక్షరాలన్నీ దిగేలా నొక్కింది. చెరిగిపోకుండా పిడికిలి బిగించుకుని సలోమి బస్సెక్కింది.

ఇప్పుడు టీచరుగారి అటక మీద, సిరా ఎండిపోయి పడి ఉన్నాను. నాకొకటే బెంగ. ఆ రోజు దారిలో ఆ పిల్ల తప్పిపోయి ఉంటే, ఎవరో పుణ్యాత్ములు ఆ చేయి చూసి మా గుమ్మానికే తెచ్చి ఉంటారు. అప్పటికే అక్కడ తాళం పడింది.