ట్రాన్సిస్టర్ ఆకలి

టైపు టీచరమ్మ సాయంత్రం ఐదింటికి ఇన్‌స్టిట్యూట్‌కి తాళం వేసి, దారిలో కూరలు కొనుక్కుని, రెండో అంతస్తులోని ఇంటికి చేరేది. వచ్చీరాగానే మొగుడితో మాట్లాడాలంటే కాగితం వెతుక్కోవాలి. ఇరవై ఆరేళ్లు మిల్లులో మగ్గాల మధ్య నిలబడి ఆయన చెవులు పోగొట్టుకున్నాడు. అందుకని పిల్లలు తప్పులు కొట్టి పారేసిన టైపు కాగితాలు తెచ్చుకుని, వాటి వెనక సంసారం నడిపేది. ఉప్పు సరిపోయిందా, కిటికీ వేశారా, ఒంట్లో ఎలా ఉంది, అన్నీ రాతలోనే. కోపమొస్తే అంతా రాసే ఓపిక లేక ఊరుకునేది. ఆ రకంగా వాళ్లింట్లో ఎనిమిదేళ్లుగా పోట్లాటలు లేవు.

ఒకసారి ఏదో పాత పత్రికలో, ఇంట్లోనే చేసుకోగల ఆంప్లిఫయర్ బొమ్మ ఆవిడ కంటబడింది. ఒక ట్రాన్సిస్టర్, నాలుగు రెసిస్టర్లు, రెండు కెపాసిటర్లు, పాత టెలిఫోన్‌లోంచి ఊడదీసిన మైకు, ఒక ఇయర్‌ఫోను. దళసరి అట్టముక్కకి సూదితో చిల్లులు పొడిచి పని మొదలుపెట్టింది. మొదటి ఆదివారం ట్రాన్సిస్టర్ మూడు కాళ్లూ తారుమారు చేసి దాన్ని మాడ్చేసింది. రెండో ఆదివారం కొత్తది కొనుక్కొచ్చి, అతుకుతూ వేలు కాల్చుకుంది. మూడో ఆదివారం అతుకులు చల్లారాక, అట్టముక్కా మైకూ ఆయన చొక్కా జేబులో, ఇయర్‌ఫోను చెవిలో పెట్టి, వంటింట్లోకి వెళ్లి మెల్లగా "ఏవండీ" అంది.

"అంత గట్టిగా అరవాలా?" అన్నాడాయన.

ఆవిడ గట్టు పట్టుకుని నిలబడిపోయింది. నవ్వుతోందో ఏడుస్తోందో తనకే తెలియలేదు. తేరుకుని వచ్చి చూస్తే బ్యాటరీ బల్ల మీద కవర్లోనే ఉంది. అప్పుడే గోడ గడియారం చప్పుడు పోయింది. ముళ్లు తిరుగుతున్నాయి, టిక్కుమనడం లేదు. ఆయన ఇయర్‌ఫోను సర్దుకుని, గడియారం చప్పుడు ఇక్కడికొచ్చేసిందని చెప్పాడు. ఆవిడ సరేనని టీ పెట్టింది.

ఆ తర్వాత బ్యాటరీ తగిలించినా ఆ ట్రాన్సిస్టర్ దాని జోలికి పోలేదు, చప్పుళ్లనే తింది. మర్నాడు కుళాయి మూగబోయింది. ఆ వారంలోనే మెట్ల మీద అడుగుల చప్పుడు, కింది వాటాలో కుక్క అరుపు పోయాయి. పోయినవన్నీ ఆయన చెవిలో వినిపిస్తూనే ఉన్నాయి. మేడలో వాళ్లెవరూ దీన్ని పెద్ద వింతగా చెప్పుకోలేదు. ఇంటి యజమాని వచ్చి, కుక్కర్ విజిల్ వినబడదు గనక పొయ్యి దగ్గరే నిలబడమని అందరికీ చెప్పి వెళ్లాడు.

అప్పుడు పై అంతస్తులో బట్టలు కుట్టే అమ్మాయి కిందికొచ్చింది. చంకలో నాలుగు నెలల పాప. పాప ముఖం కందిపోయి, నోరు అంతా తెరిచి ఉంది. ఏ శబ్దమూ లేదు.

"అక్కా, పొద్దున్నుంచీ ఇంతే. ఏడ్చినా వినబడదని దీన్ని ఒళ్లోనే పెట్టుకుంటే మిషన్ ఎలా తొక్కను?"

గదికి ఆ చివర ఆయన చెవి మూసుకుని ముఖం చిట్లించాడు.

టీచరమ్మ అతుకులేసే సోల్డరింగ్ ఐరన్ వేడి చేసింది. ఆయన జేబులోంచి అట్టముక్క లాగి, ట్రాన్సిస్టర్ కాలు మీద పెట్టబోతుంటే ఆయన ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"స్నానానికి వెళ్లేప్పుడు తీసి పక్కన పెడుతున్నాను కదా. అప్పుడు గడియారం నీకేమైనా వినబడుతోందా?"

వినబడటం లేదు.

"మరి ఇది పీకేస్తే పిల్ల ఏడుపు వినేవాళ్లెవరు?"

ఆవిడ ఐరన్ ప్లగ్గు పీకేసి, అట్టముక్క తిరిగి ఆయన జేబులో పెట్టింది.

పది రోజులకి, ఒక మధ్యాహ్నం, ఆయన చిక్కుళ్లు ఒలుస్తూ ఒలుస్తూ, చెవిలో పాప ఏడుపు నొక్కేసినట్టు తెగిపోవడంతో పళ్లెం తన్నేసి లేచాడు. పళ్లెం దొర్లింది గానీ మోగలేదు. రెండేసి మెట్లెక్కి పైకి వెళ్లేసరికి తలుపు తీసే ఉంది. తల్లి డాబా మీద బట్టలారేస్తోంది. మిషన్ మీది లైనింగు గుడ్డల కుప్ప జారి, కింద పడుకోబెట్టిన పాప ముఖాన పడింది. ఆయన లాగి అవతల పారేసేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. వీపు మీద నాలుగు చరుపులు చరిచాక పాప నోరు తెరిచింది. ఆ ఏడుపు ఆయన ఒక్కడే విన్నాడు.

ఆ రోజు నుంచి ఆయన ఇయర్‌ఫోను తియ్యలేదు. స్నానానికీ తియ్యలేదు. పొద్దుటి షికార్లు మానేశాడు. చెవి పుండు పడింది, దాని చుట్టూ దూది పెట్టుకున్నాడు. కింది వాటా ముసలమ్మ వచ్చి, నా ఊపిరి మీద కూడా ఒక చెవి వెయ్యి నాయనా అని బతిమాలి వెళ్లింది. ఆయన సరేనన్నాడు. భోజనం మధ్యలో చెయ్యి ఆపేసి ఎటో వింటూ ఉండేవాడు. టీచరమ్మ అన్నం చల్లారిపోతోందని చెబితే, రెండోసారికి గానీ పలికేవాడు కాదు.

ఒక సోమవారం ఆవిడ క్లాసులో ఉత్తరం చదివి చెబుతోంది. పిల్లలు టైపు కొట్టకుండా ఆవిడ పెదాల వంక చూస్తున్నారు. ముందు వరసలో అమ్మాయి లేచి, ఏమీ వినబడటం లేదంది. ఆవిడ ఇంకోసారి చదివింది. గొంతు కదిలినట్టు తనకే తెలుస్తోంది, మాట మాత్రం లేదు. బోర్డు మీద సెలవని రాసి, తాళం వేసి, ఇంటికి నడిచింది.

మెట్లెక్కుతూ జరిగిందంతా చెప్పడం మొదలుపెట్టింది. లోకంలో అది వినగలిగేది ఆయనొక్కడే. ఎనిమిదేళ్లుగా కాగితానికి ఎక్కని కోపాలు కూడా కలిపి చెబుతోంది. ఆయన గడియ తీశాడు. ఒక్క క్షణం ఆవిడ కళ్లలోకి చూశాడు.

"ఆగు," అన్నాడు. "పైన పాప ఏడుస్తోంది."

ఆవిడని తప్పించుకుని, చప్పుడు లేని మెట్ల మీద పైకి పరిగెత్తాడు.